మట్టి చూసి మొక్క నాటండి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు, మీరు మాత్రం మట్టి గురించి మాట్లాడండి అని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు. భూసార పరీక్షా కేంద్రంలో 31 సంవత్సరాలు పనిచేసిన వాణ్ణి కనుక ఆ అర్హత నాకున్నదని వారి అభిప్రాయం. ఆ అర్హత ఎంతటిదో ముందుగా మీకు చెప్పి, తరువాత అసలు విషయంలోకి వస్తాను.

నేను 2008లో పదవీ విరమణ చేశాను. మనలో చాలామందికి ఉన్న కోరికే నాకూ ఉండేది. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బు చేతికి రాగానే ఒక ముక్క నేల కొని, నాలుగు చెట్లు పెంచి, వాటి నీడన కూర్చోవాలని. నల్లగొండ వైపు రెండెకరాల ఎర్రనేల కొన్నాను. బోరు వేయించాను. 2009 వర్షాలకు 220 బత్తాయి మొక్కలు నాటించాను. మట్టి పరీక్ష చేయించలేదా అంటే, చేయించాను. నేనే స్వయంగా పై ఆరంగుళాల మట్టి తీసి, నా పాత మిత్రుల చేత పరీక్ష చేయించాను. ఉదజని సూచిక 7.4, ఉప్పు లేదు. దివ్యంగా ఉన్నదనుకున్నాను.

మూడేళ్ళు చెట్లు చూడముచ్చటగా పెరిగాయి. నాలుగో ఏడు లేత ఆకులు పసుపుపచ్చగా మారాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగమంతా వెలవెలబోయింది. ఎరువుల కొట్టులో అడిగితే బలం చాలలేదన్నారు. డి.ఎ.పి. వేశాను, యూరియా వేశాను. చెట్లు మరింత నీరసించాయి. కొమ్మలు చివరి నుంచి ఎండటం మొదలుపెట్టాయి. అప్పుడు గాని నాకు గడ్డపార పట్టుకోవాలని తోచలేదు. చెట్టు పక్కన గొయ్యి తీయిస్తే, రెండడుగుల కింద తెల్లటి సున్నపు పొర బయటపడింది. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేస్తే బుసబుస పొంగింది. ఆ పొరలో ఉదజని సూచిక 8.4.

ఆ రోజు మా ఇంటావిడ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఊరందరి మట్టికీ జాతకం రాశారు. మన మట్టి దగ్గరకొచ్చేసరికి మొహం చూసి పెళ్ళి చేశారు" అన్నది. ఇంటి మీద పై అంతస్తు వేద్దామని దాచిన డబ్బు ఆ నేలలోకే పోయింది. 220 చెట్లలో బతికినవి 90. అవి కూడా సున్నపు పొర నాలుగడుగుల కిందనున్న పల్లపు భాగంలోనివి.

కాబట్టి, అన్నీ తెలిసిన వాడుగా కాక, తెలిసి కూడా పొరపాటు చేసిన వాడుగా మీతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

మట్టిలో ఏముంది?

మంచి మట్టిని ఘనపరిమాణం లెక్కన చూస్తే, సుమారు సగం ఖనిజ రేణువులు, కొద్ది శాతం సేంద్రియ పదార్థం. మిగిలిన సగం నీరు, గాలి. మనం కొనేది సగం ఖాళీ జాగాను అన్నమాట! ఆ ఖాళీలోనే వేళ్ళు ఊపిరి పీలుస్తాయి. వానపాములు, కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండేది కూడా అక్కడే. ఖాళీ లేకుండా తొక్కిన మట్టి ఎంత సారవంతమైనా మొక్కకు పనికిరాదు.

రేణువుల పరిమాణాన్ని బట్టి ఇసుక, ఒండ్రు, బంకమన్ను అని మూడు తరగతులు. బంకమన్ను రేణువు మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతుల కన్నా చిన్నది. నీటినీ పోషకాలనూ పట్టి ఉంచేది ముఖ్యంగా ఇదే. మన చల్కా నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. చల్కా నేలకు కొద్దికొద్దిగా తరచుగా నీరు కావాలి, రేగడికి నిదానంగా ఆలస్యంగా కావాలి. ఈ తేడా తెలియక ఒకే పద్ధతిలో నీరు పెట్టి మొక్కల్ని చంపుకున్న వారిని ఎందరినో చూశాను.

మీ మట్టి ఏ రకమో తెలుసుకోవటానికి కేంద్రానికి పోనక్కరలేదు. ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీరు పోసి, బాగా గిలక్కొట్టి కదలకుండా పెట్టండి. మొదటి నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది. కొన్ని గంటలలో ఒండ్రు దిగుతుంది. బంకమన్ను ఒకటి రెండు రోజుల దాకా తేలుతూ ఉండి చివరకు పైన పేరుకుంటుంది. మనవళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, వారికి సైన్సు పాఠం, మీకు నేల పరిచయం.

కాగితం మీద అంకెలు

ఇక పరీక్షా ఫలితాల కాగితం. మొట్టమొదట కనిపించేది ఉదజని సూచిక, అనగా పి.హెచ్. దీనిని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టాడు. 7 అంటే తటస్థం, అంతకు తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. 6.5 నుంచి 7.5 వరకు చాలా పంటలకు అనుకూలం. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఒక్కొక్క అంకెకు పది రెట్లు తేడా. 7.4కీ 8.4కీ తేడా ఒకటే కదా అని నాబోటివాడు అనుకోకూడదు.

క్షారం పెరిగితే ఏమవుతుంది? నేలలో ఇనుము ఉంటుంది, జింకు ఉంటుంది, కాని అవి కరగవు. మొక్క తాగగలిగేది కరిగినదే. మన భాషలో చెప్పాలంటే, పాసుబుక్కులో నిల్వ ఉంటుంది, విత్‌డ్రా చేయటానికి వీలు లేదు. నా బత్తాయి చెట్లకు జరిగినది ఇదే. ఎర్రనేల, ఎర్రదనమంతా ఇనుమే, అయినా చెట్టు ఇనుము లేక పాలిపోయింది. పైగా నేను గుమ్మరించిన డి.ఎ.పి.లోని భాస్వరం, ఉన్న కాస్త ఇనుమునూ జింకునూ మరింత అందకుండా చేసింది. రోగం ఒకటి, మందు మరొకటి.

ఆకు చూసి కొంత గుర్తుపట్టవచ్చు. ముదురు ఆకులు ముందు పసుపు రంగుకు తిరిగితే నత్రజని లోపం. ఎందుకంటే మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని లాగి కొత్త చిగుళ్ళకు పంపుకోగలదు, మన ఇళ్ళల్లో పెద్దలు తాము తగ్గించుకుని పిల్లలకు పెట్టినట్లు. ఇనుమును అలా పంపుకోలేదు. కనుక ఇనుము లోపం లేత ఆకుల్లోనే ముందు కనిపిస్తుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకున్నా అనవసరమైన యూరియా బస్తా ఒకటి మిగులుతుంది.

రెండవ అంకె లవణ సూచిక, అంటే ఉప్పు. మన పరీక్షా కేంద్రాల పద్ధతిలో 1 లోపు ఉంటే భయం లేదు. 1 దాటితే గింజ మొలక దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. 4 దాటితే చాలా పంటలు తట్టుకోలేవు. ఉప్పు నేలను మన పెద్దలు పాలచౌడు అన్నారు, క్షారపు నేలను కారుచౌడు అన్నారు. రెండూ చౌడే కాని వైద్యం వేరు. పాలచౌడుకు మంచి నీరు నిలగట్టి, ఉప్పును కరిగించి బయటకు పంపాలి. కారుచౌడుకు నీరు ఒక్కటే చాలదు, జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తప్పిస్తుంది, ఆ తరువాత నీటితో సోడియాన్ని కడగాలి. నీరు పోయే దారి లేకపోతే రెండు వైద్యాలూ వృథా. ఇక సున్నపు నేలకు జిప్సం వేసి లాభం లేదు. అక్కడ తక్కువైనది కాల్షియం కాదు కదా. నేనూ ఒక దశలో జిప్సం వేద్దామనుకుని, అంకెలు చూసి ఆగాను.

మూడవది సేంద్రియ కర్బనం. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ, మధ్యలోది మధ్యస్థం. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. కనుక మన మెట్ట నేలలు చాలావరకు తక్కువ తరగతిలోనే ఉంటాయి. ఈ అంకె పెరిగితే నీరు నిలుస్తుంది, మట్టి గుల్లబారుతుంది, పోషకాలు అందుతాయి. మట్టిలో కర్బనాన్ని కాపాడే విషయంలో కృషి చేసిన అవిభక్త భారతదేశంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు రతన్ లాల్ గారికి 2020లో ప్రపంచ ఆహార పురస్కారం లభించింది.

ఆ తరువాత నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, సూక్ష్మ పోషకాలు. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు పథకంలో మొత్తం 12 అంశాలు పెట్టారు. ఇది మంచి మార్పు. మా ఉద్యోగ ప్రారంభంలో ఎన్.పి.కె. దాటి చూడటం తక్కువ. పటాన్‌చెరు లోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మెట్ట రైతుల నేలలు పరీక్షించగా గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తారంగా కనిపించాయి. మూడు బస్తాల ఎరువు వేసినా ఎదగని చేను, కొద్ది కిలోల జింకు సల్ఫేటుతో తేరుకోవటం నేను కళ్ళారా చూశాను.

అర సేరు మట్టి, తొమ్మిది లక్షల కిలోల భారం

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే సంగతి చెబుతాను. ఒక ఎకరంలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. మీరు పరీక్షకు తెచ్చేది అర కిలో. అందులో మేము కర్బనానికి వాడేది ఒక గ్రాము. అంటే 18 లక్షల మంది తరఫున ఒక్క ప్రతినిధి వచ్చి మాట్లాడుతున్నాడు. ఆ ప్రతినిధి తప్పు మనిషి అయితే ఎంత గొప్ప యంత్రమైనా తప్పే చెబుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన మట్టి తెచ్చాడు. భాస్వరం అంకె చూసి నేను హడలిపోయాను, అంత భాస్వరం ఏ నేలలోనూ చూడలేదు. ఏ సంచిలో తెచ్చావు తాతా అని అడిగితే, "డి.ఎ.పి. సంచి సారూ, ఇంట్ల గదొక్కటే ఖాళీ ఉండె" అన్నాడు. నేను అడగకుండా కాగితం రాసి ఇచ్చి ఉంటే, భాస్వరం అక్కరలేదని నమ్మి ఆ ఏడు పంట పోగొట్టుకునేవాడు. ఆ నాటి నుంచి ముందు సంచి చూసి తరువాత మట్టి చూడటం అలవాటు చేసుకున్నాను.

మట్టి తీసే పద్ధతి ఇది. పంట కోసిన తరువాత, ఎరువు వేయక ముందు తీయాలి. ఎకరంలో వంకరటింకరగా నడుస్తూ పదిచోట్ల, పై చెత్త తొలగించి, ఆరంగుళాల లోతున ఇంగ్లీషు 'వి' ఆకారంలో గుంట తవ్వాలి. గుంట పక్క నుంచి పైనుంచి కింది దాకా ఒక అంగుళం మందాన మట్టి చెక్కి తీయాలి. అంతా గోనె మీద కాక శుభ్రమైన గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అర కిలో మిగిలే దాకా అలాగే చేసి, నీడలో ఆరబెట్టాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట, కాలువ పక్కన తీయరాదు. రంగు గాని ఎత్తుపల్లం గాని వేరుగా ఉన్న భాగాన్ని వేరే నమూనాగా తీయాలి.

పండ్ల తోటకు మాత్రం ఇది చాలదు. అయిదారు అడుగుల గొయ్యి తీసి, ప్రతి అడుగు మట్టినీ విడివిడిగా పరీక్ష చేయించాలి. నేను తప్పింది ఇక్కడే. ఈ నియమం మా కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. రాయించింది కూడా నేనే.

నేలతో పాటు బోరు నీటినీ చూపించండి. నీటిలో ఉప్పు ఒకటే కాదు, మిగులు కార్బొనేటు ఎంతో అడగండి. లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీరు, మంచి నేలను కూడా కొన్నేళ్ళలో కారుచౌడుగా మార్చగలదు.

కుండీల వారికి ఒక మాట

మనలో ఎక్కువమందికి ఎకరాలు లేవు, మేడ మీద కుండీలున్నాయి. వారికీ ఇవే సూత్రాలు. ఉత్త ఎర్రమట్టి నింపితే నాలుగు నెలలకు ఇటుకలా బిగుస్తుంది. మట్టి, బాగా మాగిన ఎరువు సమపాళ్ళుగా, గుల్లగా ఉండటానికి కొంత ఇసుక లేక కొబ్బరి పొట్టు కలపండి. కుండీ అంచుల్లో తెల్లటి పొర కడితే అది బోరు నీటి ఉప్పు. అప్పుడప్పుడు వాన నీరు గాని మంచి నీరు గాని, కింది రంధ్రం నుంచి బాగా కారేటట్లు పోసి కడగండి. కోడిగుడ్డు పెంకులు కుండీకి మంచివని అందరూ వేస్తున్నారు. అది సున్నమే. మన బోరు నీటిలో సున్నం ఇప్పటికే దండిగా ఉంది, కొత్తగా పెట్టనక్కరలేదు.

పొలం ఉన్నవారు పచ్చిరొట్ట మరువకండి. జనుము, పిల్లిపెసర, చౌడు తట్టుకునే జీలుగ, పూత దశలో కలియదున్నితే అంతకు మించిన ఎరువు లేదు. చల్కా నేలకు చెరువు మట్టి మహా మేలు. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు ఎందరో రైతులు తోలుకున్నారు. అయితే చెరువు మట్టిని కూడా ఒకసారి పరీక్షించి తోలుకోండి, కొన్నిచోట్ల అందులోనూ ఉప్పు ఉంటుంది.

చివరగా

నా తోట ఏమయిందని మీరు అడగకముందే చెబుతాను. సున్నపు పొర పైకి ఉన్న ఎకరంలో ఎండిన చెట్లు తీయించి, అటువంటి నేలను ఓర్చుకునే సీతాఫలం, ఉసిరి నాటాను. మిగిలిన 90 బత్తాయి చెట్లకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి లేత ఆకుల మీద పిచికారీ చేయించాను, వేళ్ళ దగ్గర పశువుల ఎరువు పెంచాను. డి.ఎ.పి. మానేశాను. నేలకు తగిన చెట్టు పెట్టిన తరువాత నేల నాతో పోట్లాడటం మానేసింది. పై అంతస్తు మాత్రం లేవలేదు. సీతాఫలాల కాలంలో మా ఇంటావిడ బుట్ట నింపి ఇరుగుపొరుగులకు పంచుతూ, "ఇవి మా పై అంతస్తు పండ్లు" అని చెబుతుంది. నేను విననట్లు ఊరుకుంటాను.

మిత్రులారా, ఉద్యోగంలో ఉన్నప్పుడు పోయిన డబ్బు వచ్చే నెల జీతంతో పూడుతుంది. మన వయసులో పోయినది పూడదు. మీలో ఎవరైనా నేల కొనబోతుంటే, రిజిస్ట్రేషన్ కాగితాల కోసం వకీలు దగ్గరకు వెళ్ళినట్లే, మట్టి కోసం వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రానికో, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్ళండి. బయానా ఇచ్చే ముందే గొయ్యి తవ్వించండి. అమ్మేవాడు వద్దంటే ఆ నేల వద్దనుకోండి. మొక్క నాటిన తరువాత మూడేళ్ళకొకసారి మళ్ళీ పరీక్ష చేయించండి. మనం ఏటా షుగరు, బి.పి. చూపించుకుంటున్నాము కదా, నేలదీ అదే వరుస.

ఎవరికైనా ఫలితాల కాగితం అర్థం కాకపోతే, మన సంఘం నెలవారీ సమావేశానికి తీసుకురండి, కూర్చుని చదువుకుందాం. అందుకు ఫీజు లేదు, ఎటొచ్చీ మట్టి ఏ సంచిలో తెచ్చారో మాత్రం అడుగుతాను.